నీళ్ళ కింద పంతొమ్మిది రోజులు

పోయిన నెల ఒక మంగళవారం, ఆఫీసుకు బయలుదేరుతుంటే గుణదల నుంచి ఫోన్ వచ్చింది. మేం పదేళ్ళు అద్దెకున్న ఇంటి ఓనరు గారి భార్య. "చాచా పోయారమ్మా" అన్నారు. పాల ప్యాకెట్టు పది దాకా గుమ్మంలోనే ఉండిపోయిందట. అనుమానం వచ్చి తలుపు తోస్తే, మంచం మీద గోడవైపు తిరిగి నిద్రపోతున్నట్టే ఉన్నారట. సాయంత్రం నమాజు తరవాత తీసుకెళ్తారని, బందరు నుంచి ఆయన అక్కగారి కొడుకులు బయలుదేరారని చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేశారు.

అంతకు రెండు వారాల ముందు ఆయనే నాకు ఫోన్ చేశారు. పాత కాగితాలేవో సర్దుతున్నానని, వీలుంటే ఒకసారి వచ్చి వెళ్ళమని అన్నారు. ఆదివారం వస్తానన్నాను. ఆ ఆదివారం వెళ్ళలేదు. తరవాతి ఆదివారమూ వెళ్ళలేదు. పటమట నుంచి గుణదల ఎంత దూరమని? ఆటోలో పావుగంట. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ పావుగంటే నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

చాచా నాకు చుట్టమేమీ కాదు. తొంభై ఆరులో, పెళ్ళైన కొత్తలో మేము ఆ ఇంటి పై వాటాలో దిగాం. వెనకవైపు ఒంటిగది వాటాలో ఆయన అప్పటికే ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. వీధి చివర చిన్న షట్టరు గదిలో రేడియోలు, టేప్ రికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవారు. మేరీమాత తిరునాళ్ళ ముందు కొండ మీద మైకులు, రంజాన్ ముందు మసీదు మైకు, శ్రీరామనవమి ముందు పందిరి మైకు, అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. చిన్నా పెద్దా అందరికీ ఆయన చాచానే. మా అత్తగారు మాత్రం "భాయ్ గారు" అనేవారు.

ఆయనలో నేను మొదట గమనించింది చప్పుడు లేకపోవడం. స్టీలు గ్లాసు గట్టు మీద పెట్టినా వినపడేది కాదు. తలుపు వేస్తే గడియ పడేదాకా చేత్తో పట్టుకుని మూసేవారు. వీధిలో షట్టర్లన్నీ దబదబా పడుతుంటే ఆయన షట్టరు ఎప్పుడు పడిందో తెలిసేది కాదు. ప్రతి నెలా దాని పట్టాలకు నూనె పెట్టుకునేవారు. ఒకసారి మా అత్తగారు పైన బిందె జారవిడిచారు. అది మెట్ల మీదుగా దొర్లుకుంటూ కింది దాకా వెళ్ళింది. నేను వెనకాలే పరుగెత్తి చూస్తే, ఆయన పంపు దగ్గర చేతిలో చెంబుతో కదలకుండా నిలబడిపోయి ఉన్నారు. ముఖంలో రక్తం లేదు.

"ఏమైంది చాచా?" అన్నాను.

"ఏం లేదమ్మా. పాత అలవాటు. మేమున్న చోట స్పానరు కింద పడితే, దూరంగా ఉన్న శత్రువుకి అడ్రసు చెప్పినట్టే" అన్నారు. కాసేపటికి ఆయనే, "చప్పుడు చేయకపోయినా పనులన్నీ అవుతాయమ్మా. కావని జనం అనుకుంటారు గానీ" అన్నారు.

ఆయన సబ్‌మెరైన్‌లో పనిచేశారని నాకు తెలిసింది ఆ రోజే.

బందరులో పుట్టి, మీసాలు సరిగా రాకముందే నేవీలో చేరారు. పని వైర్‌లెస్. సందేశాలు అందుకోవడం, పంపడం. ఎనభైల చివర్లో మన దేశం రష్యా నుంచి అణుశక్తితో నడిచే క్షిపణుల సబ్‌మెరైన్ ఒకదాన్ని కొన్నేళ్ళకు అద్దెకు తెచ్చుకుంది. దాని కోసం ఏరి పంపినవాళ్ళలో ఆయనా ఒకరు. అక్కడ మంచులో ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ బోర్డుల మీది అక్షరాలు చదవడం నేర్చుకుని వచ్చారు. గడువు తీరి ఆ సబ్‌మెరైన్ వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తరవాత కొద్ది కాలానికే ఈయనా బయటికి వచ్చేశారు.

ఎంత లోతుకు వెళ్ళేవారు, ఎక్కడ తిరిగేవారు అని మొదట్లో అడిగేదాన్ని. "అది అడగకూడదమ్మా" అనేవారు, చిన్నపిల్లకు చెప్పినట్టు. తిండి గురించి, మనుషుల గురించి మాత్రం చెప్పేవారు. మామూలు సబ్‌మెరైన్ బ్యాటరీలు నింపుకోవడానికి పైకి రాక తప్పదట. ఈ అణు సబ్‌మెరైన్‌కు ఆ అవసరమే లేదు. గాలి, నీళ్ళు అదే తయారుచేసుకుంటుంది. లోపల బియ్యం, పప్పు ఉన్నంత కాలం నీళ్ళ కిందే ఉండిపోవచ్చు. "పగలూ రాత్రీ తెలిసేది కాదు. ఉప్మా వస్తే పొద్దున, పప్పు వస్తే మధ్యాహ్నం. అంతే" అనేవారు. అందుకేనేమో, రోజూ పొద్దున ఎండ గోడ దిగి పెరట్లోకి రాగానే బయటికి వచ్చి, కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు ఎండకు ముఖం పెట్టి నిలబడేవారు. మే నెల బెజవాడ ఎండకూ అంతే.

ఆయన జీవితంలోకి నేను నిజంగా వెళ్ళింది రెండు వేల మూడు ప్రాంతంలో, అదీ నా అవసరం కోసం. నేనొక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్ని. ఇంగ్లీషులో వచ్చే వార్తల్ని తెలుగు చేయడం నా పని. ఒక రోజు అమెరికా వాళ్ళ సబ్‌మెరైన్ల మీద పెద్ద కథనం వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది, అంత పెద్ద అణు క్షిపణులు మోసే సబ్‌మెరైన్లు అన్ని అక్కర్లేదు, అందుకని నాలుగింటిని వేరే పనికి మారుస్తున్నారు అని దాని సారాంశం. ఒక్కోదానిలో ఇరవై నాలుగు క్షిపణి గొట్టాలు. అణు క్షిపణులు తీసేసి, చాలా గొట్టాల్లో మామూలు పేలుడు మందుతో పనిచేసే చిన్న క్షిపణులు ఏడేసి చొప్పున పెడతారు. రెండు గొట్టాలను మాత్రం గజ ఈతగాళ్ళు సముద్రంలోకి వెళ్ళి రావడానికి వీలుగా గదుల్లా మారుస్తారు. ఆదివారం అనుబంధానికి రాయమన్నారు. నాకు సగం అర్థం కాలేదు. గొట్టం గది ఎలా అవుతుంది? ఒక గొట్టంలో ఏడు ఎలా పడతాయి? కాగితాలు పట్టుకుని పొద్దున్నే చాచా షాపుకు వెళ్ళాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ రెండు కాగితాల్నీ చాలాసేపు చదివారు. తరవాత లేచి, అరలోంచి గుండ్రటి రేకు డబ్బా తీసి, దానిలో పెన్సిల్ సెల్లులు నిలబెట్టారు. నడుమ ఒకటి, చుట్టూ ఆరు. బిగుతుగా సరిపోయాయి. "చూడమ్మా, ఏడు" అన్నారు.

గది సంగతి కూడా అలాగే చెప్పారు. దానికి రెండు తలుపులు, ఒకటి లోపలికి, ఒకటి సముద్రంలోకి. ఈతగాళ్ళు లోపలికెళ్ళి మొదటి తలుపు మూసుకుంటారు. అప్పుడు గదిలోకి నీళ్ళు వదులుతారు. బయటి నీళ్ళ బరువూ లోపలి బరువూ సమానమయ్యాకే రెండో తలుపు తెరుస్తారు. నేను 'నిర్గమన ప్రకోష్ఠం' అని రాసుకుని చూపించాను. ఆయన నవ్వారు. "అది చదివితే ఎవరు బయటికొస్తారమ్మా? రెండు తలుపుల గది అని రాయండి" అన్నారు. అలాగే రాశాను.

కాగితాలు తిరిగి ఇస్తూ, "ఒక ఊరు ఊరంతా బూడిద చేసే సామాను ఉన్నచోట మనుషులు నిలబడతారన్నమాట. బాగుంది" అన్నారు. ఆ తరవాత ఆ రోజంతా ఆయన పనేమీ చేయలేదని పక్క టైలరు చెప్పాడు.

ఆ కథనంలో సెల్లుల ఉదాహరణ యథాతథంగా పెట్టి, గుణదలలో రేడియోలు బాగుచేసే ఒక మాజీ నావికుడు నాకు ఇలా చూపించారని రాశాను. పేరు వద్దన్నారు కాబట్టి పేరు రాయలేదు.

పది రోజులకు మా ఆఫీసుకు ఒకాయన వచ్చారు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో నా కథనం ఉన్న పేపరు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ల దగ్గర పనిచేస్తానని చెప్పారు. అసలు ఊరు హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లె అట.

"ఇది చెప్పినాయన ఎక్కడుంటారండీ?" అని అడిగారు.

ఎందుకని అడిగాను. "ఏ సంగతైనా సెల్లులు నిలబెట్టి చెప్పే మనిషిని నేనొక్కణ్ణే చూశానండీ" అన్నారు. ఇద్దరూ ఆ సబ్‌మెరైన్‌లోనే కలిసి పనిచేశారట. చివరిసారి మాట్లాడుకుని పదమూడేళ్ళయిందట. అడ్రసు ఇవ్వడానికి నాకు ఎందుకో మనసొప్పలేదు. ఆయన్ని అడిగి చెబుతానన్నాను. "అడగండి. టర్బైన్ వాడొచ్చాడని చెప్పండి, చాలు" అని ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళారు.

ఆ సాయంత్రం షాపుకెళ్ళి చెప్పాను. చాచా చేతిలోని సోల్డరింగ్ ఐరన్ స్టాండు మీద పెట్టి, స్విచ్చి ఆపారు. మర్నాడు షాపు తెరవలేదు. ఆ మర్నాడూ తెరవలేదు. మూడో రోజు పొద్దున పెరట్లో ఎండలో నిలబడి ఉంటే నేనే దిగి వెళ్ళాను. కూర్చోమని అరుగు చూపించి, ఎవరికీ చెప్పని సంగతి నాకు చెప్పారు.

టర్బైన్ ఆయనా, చాచా రష్యాలో ఒకే గదిలో ఉండేవారు. ఒకరు బందరు, ఒకరు జంక్షన్. అంత దూరదేశంలో ఇద్దరికీ ఒక భాష, ఒక తిండి. టర్బైన్ ఆయనకు అప్పటికే పెళ్ళై, కూతురు. అక్కడ వంటశాలలో పనిచేసే ఒక ముసలావిడ దగ్గర ఆయన ఊలుతో అల్లడం నేర్చుకున్నారు. సబ్‌మెరైన్‌లో ఖాళీ దొరికితే కూతురికి టోపీ అల్లేవారు. జంక్షన్ ఎండలకు ఊలు టోపీ ఏమిటని అందరూ ఏడిపించేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు. ఆ పిల్ల మాటలే చెప్పేవారు. బళ్ళో టీచరు, మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే, చేప కడుపులో ఉద్యోగం అని చెప్పిందట. ఆ మాట పడవలో (సబ్‌మెరైన్‌ను వాళ్ళు పడవ అనే అనేవారు) అందరికీ నోటికొచ్చేసింది.

ఒకసారి వాళ్ళు చాలా రోజుల ప్రయాణానికి నీళ్ళ కిందికి దిగారు. అలాంటప్పుడు పడవ లోపల నుంచి ఏ సందేశమూ బయటికి పోదు. పంపితే ఎక్కడున్నారో తెలిసిపోతుంది. బయటి నుంచి మాత్రం వస్తాయి. ఒక పూట చాచా డ్యూటీలో ఉండగా ఒక సందేశం వచ్చింది. అక్షరం అక్షరం రాసుకుంటూ పోతే టర్బైన్ ఆయన నంబరు, ఆయన పేరు. జ్వరంతో కూతురు చనిపోయింది, అంత్యక్రియలు అయిపోయాయి.

కాగితం తీసుకెళ్ళి కెప్టెన్‌కు ఇచ్చారు. కెప్టెన్ చదివి, తలుపు వేసి, చాచాను కూర్చోమన్నాడు. పడవను వెనక్కి తిప్పడం తన చేతిలో లేదన్నాడు. ఇప్పుడు చెబితే ఆ తండ్రి వెళ్ళలేడు, ఏడవడానికి ఒక మూల కూడా దొరకదు, పైగా టర్బైన్ దగ్గర నిలబడాల్సిన మనిషి. ఒడ్డుకు చేరాక తనే చెబుతానన్నాడు. అప్పటిదాకా ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలన్నాడు. అది ఆర్డరు.

"ఆయన చెడ్డవాడు కాదమ్మా. ఆ పూట ఆయన కూడా అన్నం తినలేదు" అన్నారు చాచా.

ఒడ్డు చేరడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మెస్‌లో ఇద్దరూ ఎదురెదురుగా తినేవారు. పడుకునే బల్లలు కూడా పైనా కిందా. టర్బైన్ ఆయన రోజూ డ్యూటీ దిగి వచ్చి అల్లిక పట్టుకునేవారు. ఊలు చిక్కుపడుతోంది, రెండు చేతులూ చాచి పట్టుకో అనేవారు. చాచా పట్టుకునేవారు. ఇద్దరి మధ్యా దారం నడుస్తుంటే ఆయన కూతురు కబుర్లు చెప్పేవారు, ఈయన వినేవారు. మధ్యలో ముఖం తిప్పుకుంటే అనుమానం వస్తుందని తిప్పుకునేవారు కాదు.

"పడవ నిండా మనుషులమ్మా. అటు తిరిగితే ఒకడు, ఇటు తిరిగితే ఒకడు. కానీ అంత ఒంటరితనం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఈ గదిలో కూడా" అన్నారు.

ఒడ్డుకు చేరాక కెప్టెన్ చెప్పాడు. టర్బైన్ ఆయన కెప్టెన్ గదిలోంచి బయటికి వచ్చి, జెట్టీ మీద చాచా ముందు నిలబడ్డారు. సందేశం మీది తారీఖు చూసుకున్నారేమో, ఒకటే అడిగారు. నీకు తెలుసా అని. తెలుసు అన్నారు చాచా. ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. సెలవు నుంచి తిరిగొచ్చాక వేరేచోట పోస్టింగ్ అడిగి మారిపోయారు.

చాచా అంతా చెప్పేసరికి పెరట్లో ఎండ అరుగు దాకా వచ్చింది. "తప్పు చేశానంటారా?" అని అడిగారు. తెలియదనే చెప్పాను. ఆయన తలూపి, "నాకూ తెలియదు. రమ్మనండి" అన్నారు.

మరుసటి ఆదివారం టర్బైన్ ఆయన వచ్చారు. టీ పెట్టివ్వడానికి నేనున్నాను. ఇచ్చి వెళ్ళిపోదామనుకుంటే చాచా, "కూర్చోమ్మా" అన్నారు. ఒంటరిగా ఎదుర్కోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదని అర్థమై, తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

ఒకప్పుడు 'ఏరా' అని పిలుచుకున్న మనుషులు. వచ్చినాయన "బాగున్నారా" అన్నారు. చాచా "బాగున్నానండీ, మీరు?" అన్నారు. ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నారు. అక్కడ అణువుతో కాగిన ఆవిరి, ఇక్కడ బొగ్గుతో కాగిన ఆవిరి, టర్బైన్‌కు తేడా తెలియదు అని ఆయన చెప్పారు. అమెరికా వాళ్ళ గొట్టాల గురించి మాట్లాడుకున్నారు. మామూలు క్షిపణులు పెట్టినా అది మళ్ళీ యుద్ధానికే కదా అని ఆయన, మనుషులు బయటికెళ్ళే తలుపైనా పెట్టారు కదా అని ఈయన. టీ చల్లారిపోయింది.

ఉన్నట్టుండి టర్బైన్ ఆయన అడిగారు. "ఆ కబురొచ్చిన రోజు నేనేం చేస్తున్నాను?"

చాచా ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు. "ఉప్మా పూట. నువ్వు డ్యూటీ దిగి వచ్చావు. చేతులకు గ్రీజు ఉంది. నా పళ్ళెంలో జీడిపప్పు ఏరి తీసుకున్నావు. పాపకు పై పన్ను ఊడిందని ఇంటి నుంచి వచ్చిన పాత ఉత్తరం మళ్ళీ చదివి వినిపించావు. పన్ను ఇంటి కప్పు మీదికి విసిరితే కిందికి దొర్లి వచ్చేసిందని, మళ్ళీ విసరమని ఏడ్చిందని."

ఆయన తల వంచుకుని విన్నారు. తరవాతి రోజు, అన్నారు. చాచా చెప్పారు. ఆ తరవాతి రోజు, అన్నారు. చాచా అదీ చెప్పారు. పంతొమ్మిది రోజులూ ఒకదాని తరవాత ఒకటి చెప్పారు. ఏ పూట ఏం తిన్నారో, టోపీ ఎంత వరకు వచ్చిందో, ఆ పిల్ల గురించి ఆయన ఏ మాట అన్నారో. సున్నుండలు చేస్తుంటే కింద కూర్చుని పిండి తినేసేదని. కాలువలో దిగిన గేదెల్ని లెక్కపెట్టబోయి పదకొండు దగ్గర ఆగిపోయేదని. రేడియోలో మాట్లాడేవాళ్ళకు అన్నం ఎవరు పెడతారని అడిగేదని. పదమూడేళ్ళుగా ఈ మనిషి ఇదంతా మోస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది. రోజుకొకసారి తనకు తను చెప్పుకోకపోతే అంత వరసగా గుర్తుండదు.

చివరికి టర్బైన్ ఆయన ముఖం తుడుచుకున్నారు. "నిన్ను క్షమించడానికి రాలేదురా. దానికి నాకింకా టైం పడుతుంది" అన్నారు. "మా ఆవిడ పోయిన ఏడాది పోయింది. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. పాప గురించి మాట్లాడదామంటే దాన్ని ఎరిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నువ్వు చూడను కూడా చూడలేదు. కానీ దాని మాటలన్నీ విన్నది నువ్వొక్కడివే."

చాచా చల్లారిన గ్లాసులు తీసి, మళ్ళీ టీ పెట్టడానికి లేచారు. పెట్టడం నా వంతని గుర్తు చేయలేదు నేను.

అప్పటి నుంచి నెలకో రెండు ఆదివారాలు టర్బైన్ ఆయన ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వచ్చేవారు. గొప్ప స్నేహం మళ్ళీ మొదలైందని రాయడం తేలిక, కానీ నేను చూసింది అది కాదు. షాపులో ఒకరు బల్లకు ఇటు, ఒకరు అటు కూర్చునేవారు. పాప మాటలు కొన్ని, మౌనం ఎక్కువ. కొన్నిసార్లు పాత కోపం ఆయనకు తిరిగొచ్చేది. చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోయేవారు. ఆ నెలంతా కనపడేవారు కాదు. చాచా ఫోన్ చేసేవారు కాదు. ఆదివారం బస్సులు వచ్చే వేళకు మాత్రం షాపు బయట కుర్చీ వేసుకునేవారు. ఈలోగా చేతి ఫోన్లు వచ్చాయి, పాటలన్నీ వాటిలోకే వెళ్ళిపోయాయి. రిపేరుకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. బాగుచేసి పెట్టిన రేడియోలు తీసుకెళ్ళడానికి కూడా ఎవరూ వచ్చేవారు కాదు.

సబ్‌మెరైన్ వార్త ఏది కనపడినా నేను ఆయన కోసం తీసి ఉంచేదాన్ని. అమెరికా వాళ్ళు రెండు పాత క్షిపణి సబ్‌మెరైన్లను రేవులో శాశ్వతంగా కట్టేసి, కొత్తవాళ్ళకు రియాక్టరు నడపడం నేర్పే బడులుగా మార్చారని చదివినప్పుడు సంబరపడ్డారు. రష్యా వాళ్ళు ఒకదాని నడుము కోసి, క్షిపణుల భాగం తీసేసి, చిన్న సబ్‌మెరైన్లను మోసే తల్లిగా మార్చారంటే నమ్మలేదు. మళ్ళీ చదివించుకున్నారు. మిగతా వాటిలో చాలావరకు తుక్కే. అమెరికా వాళ్ళు రియాక్టరు ఉన్న ముక్కను మాత్రం కోసి, రెండు వైపులా మూసి, ఎడారిలో తవ్విన పెద్ద గోతిలో వరసగా పెడతారట. అది విని, "కోసేటప్పుడు దానిలో పనిచేసినవాళ్ళను పిలుస్తారంటారా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను.

ఒకసారి నెట్ సెంటర్లో వెతికి, మన దగ్గరికి వచ్చి వెళ్ళిన ఆ సబ్‌మెరైన్ సంగతి కూడా ప్రింటు తీసుకెళ్ళాను. వెనక్కి వెళ్ళాక అది మళ్ళీ పనిలోకి వెళ్ళలేదు. పక్కన పెట్టేశారు, తరవాత తుక్కు చేశారు. చాచా ఆ కాగితం రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "దానికి వేరే పనేదీ చూపించలేదన్నమాట" అన్నారు. అంతే. ఆ సాయంత్రం ఆయన గదిలో దీపం వెలగలేదు. నేను పైనుంచి చూసి, వెళ్ళి పలకరించాలా వద్దా అని మెట్ల మీద రెండు అడుగులు వేసి వెనక్కి వచ్చాను. ఆయన విషయంలో నేను చేసిన పొరపాట్లలో అదొకటి.

రెండు వేల ఆరులో మేము పటమటలో ఇల్లు కొనుక్కుని మారిపోయాం. మొదట్లో వారానికోసారి వెళ్ళేదాన్ని. తరవాత పండగలకు. తరవాత ఫోన్లు. ఫోన్లో ఆయన ఎప్పుడూ రెండు నిమిషాలు దాటనిచ్చేవారు కాదు. "మీకు పనులుంటాయమ్మా" అని ఆయనే పెట్టేసేవారు.

ఆ మంగళవారం నేను వెళ్ళేసరికి పెరట్లో షామియానా కట్టి ఉంది. బందరు నుంచి వచ్చిన మేనల్లుళ్ళిద్దరికీ మామయ్య గురించి పెద్దగా తెలియదు. నేవీలో చేశారటగా అని నన్నే అడిగారు. టర్బైన్ ఆయన నాకంటే ముందే వచ్చి ఉన్నారు. రిటైరై రెండేళ్ళయిందట. వంగిపోయారు. గది గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు, కూర్చోమని ఎవరు చెప్పినా కూర్చోలేదు. కాగితాల కట్ట ఒకటి బల్ల మీద సర్ది ఉంది. మేనల్లుడు చూడమని నాకిచ్చాడు. అన్నీ నేను ఇచ్చిన వార్తలే. తారీఖుల వరసన పెట్టి, దారం కట్టి ఉన్నాయి. వీటిని తీసుకెళ్ళమనే పిలిచి ఉంటారు.

ఆడవాళ్ళు ఖబరస్తాన్ లోపలికి వెళ్ళరు. నేను గేటు బయట రోడ్డు మీద నిలబడ్డాను. లోపల ఎవరెవరు ఏం చేశారో చూడలేదు. టర్బైన్ ఆయన బయటికి వచ్చినప్పుడు రెండు అరచేతులకూ మట్టి ఉంది. దులుపుకోలేదు. అలాగే పక్కకు పట్టుకుని నడిచి వచ్చారు.

ఇద్దరం బస్సు స్టాపు దాకా నడిచాం. వచ్చిన మనుషులు అప్పటికే చెదిరిపోయారు. స్టాపులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఆయన రోడ్డు వైపే చూస్తూ అన్నారు.

"వాడు నాకు చెప్పకుండా దాచాడని పదమూడేళ్ళు వాణ్ణి తిట్టుకున్నానమ్మా. ఆ పంతొమ్మిది రోజులూ ఊళ్ళో అందరికీ మా పాప పోయింది. నాకొక్కడికే ఉంది. అది వాడిచ్చిందే. వాడికా మాట చెబుదాం చెబుదాం అనుకున్నాను."

"చెప్పారా?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు.

ఇబ్రహీంపట్నం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు దగ్గర నిలబడి పిలిచాడు. ఆయన లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నావైపు కొంచెం తిరిగి, గొంతు సవరించుకున్నారు.

"మా పాప ఉండేదమ్మా" అని మొదలుపెట్టారు. "చాలా కబుర్లు చెప్పేది."

నేను జరిగి ఆయనకు దగ్గరగా కూర్చున్నాను. ఎండ వాలిపోతోంది. ఇంకో బస్సు వచ్చింది, ఆగింది, మా ఇద్దర్నీ చూసి వెళ్ళిపోయింది. ఆయన చెబుతూనే ఉన్నారు. అరచేతుల్లో మట్టి మెల్లగా ఆరి, గీతల వెంట పగులుతోంది.